పాత ఛాయాచిత్రములలోని మోటారు కార్లు – కాలనిర్ణయము

నర్సీపట్నమునకు పైనున్న మన్యములో కొయ్యూరు ఒక గ్రామము. 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజు ఇక్కడ కాల్చి చంపబడుటచే ఆ ఊరి పేరు ఆంధ్రదేశమంతటికి తెలిసినది. ఇట్టి స్థలములకు సంబంధించిన పాత ఛాయాచిత్రము ఒకటి ఏ ఇంటి పెట్టెలోనో దొరకినచో, అది ఎప్పుడు తీసినది, అందులోని వారెవరు అను ప్రశ్నలు వెంటనే పుట్టును. చిత్రము వెనుక పెన్సిలుతో ఒక సంవత్సరము వ్రాసి ఉండవచ్చును. అది చిత్రము తీసిననాడు వ్రాసినదా, నలుబది యేండ్ల తరువాత జ్ఞాపకము మీద వ్రాసినదా అన్నది ఆ అంకెలను చూచి చెప్పుట కష్టము. ఆ సంవత్సరము తప్పైనను ఒక పుస్తకములో అచ్చుపడినదా, దానిని చూచి మరియొక పుస్తకము, దానిని చూచి పాఠశాల గోడ మీది పటము, ఇట్లు తప్పు నానాటికి బలపడుచు పోవును.

చిత్రములో ఒక మూలనైనను మోటారు కారు కనిపించినచో పరిశోధకునకు మంచి ఆధారము దొరకినట్లే. మనుష్యుల వేషము నెమ్మదిగా మారును. పెంకుటింటి ఆకారము నూరేండ్లైనను మారకపోవచ్చును. కారు సంగతి వేరు. దానిని చేయు కంపెనీలు ఇంచుమించు ఏటేట దాని రూపమును మార్చినవి. ఏ మార్పు ఏ యేట వచ్చినదో జాబితాలలో అచ్చువేసినవి. కావున కారు ఒక విధమైన గడియారము. అయితే ఈ గడియారమును చదువుటకు కొన్ని నియమములు తెలియవలెను.

కారు మన దేశమునకు వచ్చిన విధము

జర్మనీ దేశీయుడు కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటు కోరెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియులోపల అట్టి బండ్లు కలకత్తా, బొంబాయి నగరములకు చేరినవి. మద్రాసులో 1901లో పారీ కంపెనీ డైరెక్టరు యార్క్ నడిపిన కారు మొదటిదిగా ఎన్నబడుచున్నది. గుఱ్ఱపు బండ్లు చేయుటలో పేరుపొందిన మద్రాసు సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరితో నడచు కారును తయారు చేసెను. 1905లో ఆ కంపెనీ చేసిన ఆవిరి బస్సు బెజవాడ, మచిలీపట్నముల మధ్య నడచినది. అనగా తెలుగునాట తీసిన చిత్రములో 1900కు పూర్వమే కారు ఉన్నదని ఎవరైన చెప్పినచో, ఆ మాటను నమ్ముటకు ముందు గట్టి ఆధారము కోరవలెను.

మిక్కిలి పాతవైన కార్లకు వెటరను కార్లని పేరు. ఇంగ్లాండులో 1896 నవంబరు 14న, కొత్త చట్టము కార్లకు రోడ్ల మీద స్వేచ్ఛ ఇచ్చిన సందర్భమున, లండను నుండి బ్రైటను వరకు ఒక యాత్ర జరిగెను. దాని జ్ఞాపకార్థము నేటికిని జరుగు వార్షిక యాత్రలో 1905 జనవరి 1కి పూర్వము తయారైన బండ్లకే ప్రవేశము కలదు. 1930లో అచ్చట ఏర్పడిన వెటరను కార్ క్లబ్బు 1918 చివరి వరకు తయారైన కార్లను పరీక్షించి, వాటి తయారీ సంవత్సరమును నిర్ణయించి పత్రము ఇచ్చును. 1919 నుండి 1930 వరకు పుట్టిన వాటిని వింటేజి కార్లందురు. ఎదుట నిలిచిన కారుకు క్లబ్బు చేయు పరీక్షనే పరిశోధకుడు కాగితము మీది బొమ్మకు చేయవలసి ఉన్నది.

మొదటి నియమము: కారు ఒక ఎల్లనే చూపును

కారు పుట్టుకకు ముందు దాని చిత్రము ఉండదు. ఇది అందరికి తెలిసినదే. కాని అది పుట్టిన పిమ్మట ఇరువది, ముప్పది యేండ్లు తిరుగవచ్చును. మన దేశములో కార్లు పెక్కు చేతులు మారి, చివరకు తోటలో కోళ్ళగూడుగా మారువరకు పనిచేసినవి. కాబట్టి కారును గుర్తించినందువలన “ఈ చిత్రము ఫలానా సంవత్సరమునకు ముందుది కాదు” అని మాత్రమే చెప్పవచ్చును. ఎంత తరువాతిదో చెప్పుటకు వేరే సాక్ష్యము కావలెను.

హైదరాబాదు చిత్రములు దీనికి మంచి ఉదాహరణము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ 1905లో మరణించెను. ఆయన స్టూడియో కుమారుల చేతిలో తరువాత కూడ నడచినది. రోల్సు రాయిస్ కంపెనీ 40/50 హార్సు పవరు కారును మొదటిసారి 1906లో లండనులో ప్రదర్శించినది. సిల్వర్ గోస్టు అనునది దీనికే వచ్చిన పేరు. కావున దీన్ దయాళ్ ముద్ర ఉన్న అట్టపై సిల్వర్ గోస్టు కారు కనిపించినచో, ఆ చిత్రము స్టూడియోది కావచ్చును గాని, ఆయన స్వయముగా తీసినది కాజాలదు. ఇక్కడ కారు ఒక ఎల్లను, ఛాయాచిత్రకారుని మరణము మరియొక ఎల్లను చూపినవి. రెండును పొసగలేదు గనుక తీసినవారి పేరు మార్చవలసి వచ్చును.

చూడవలసిన గుర్తులు

అన్నిటికంటె ముందు ముఖము చూడవలెను. ఇంజను వేడిని చల్లార్చు నీటి తొట్టికి, అనగా రేడియేటరుకు, ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఆకారము నిచ్చినది. రోల్సు రాయిస్ రేడియేటరు గ్రీకు దేవాలయపు ముఖద్వారమువలె నుండును. దానిపై చేతులు వెనుకకు చాచి ముందుకు వంగిన స్త్రీ బొమ్మ 1911 నుండి వచ్చినది. డైమ్లరు కారు రేడియేటరు పై అంచున నిలువు గాడులుండును. పాత రెనో కార్లలో రేడియేటరు ఇంజనుకు వెనుక నుండుటచే, ముందుభాగము బొగ్గు చేటను బోర్లించినట్లు వాలియుండును.

తరువాత చూడవలసినవి దీపములు. తొలి కార్లకు కిరసనాయిలు దీపములు, ముందువైపున ఎసిటిలీను దీపములు ఉండెడివి. కాల్షియము కార్బైడు మీద నీటిచుక్కలు పడినచో ఎసిటిలీను వాయువు పుట్టును. ఆ వాయువు మండి తెల్లని వెలుగు నిచ్చును. కారు ప్రక్కనున్న ఫుట్ బోర్డు మీద చిన్న డబ్బా, దానినుండి దీపములకు పోవు సన్నని గొట్టము కనిపించినచో అది ఎసిటిలీను ఏర్పాటని తెలియును. ఫోర్డు కంపెనీ మోడల్-టి కారుకు విద్యుద్దీపములు 1915లో వచ్చినవి. ఖరీదైన కార్లకు అంతకు ముందే వచ్చినవి.

మెరయు లోహము మూడవ గుర్తు. మొదట ఇత్తడి వాడిరి. ప్రతిదినము చింతపండుతో తోమినగాని ఇత్తడి మెరయదు గనుక, 1912 ప్రాంతము నుండి నికెలు పూత వాడుకలోనికి వచ్చినది. 1920 దశాబ్ది చివరలో క్రోమియము వచ్చినది. అయితే చిన్న నలుపు తెలుపు చిత్రములో ఈ మూటిని విడదీయుట సులభము కాదు. దీనిని ఇతర గుర్తులకు తోడుగానే వాడవలెను.

నాలుగవది చక్రము. తొలి కార్లలో పెక్కింటికి ఎడ్లబండి చక్రమువలె కొయ్య ఆకులుండెడివి. కొన్నిటికి సైకిలు చక్రమువలె ఉక్కు తీగెలుండెడివి. టైరు తెల్లగా గాని బూడిద రంగుగా గాని కనిపించినచో అది చాల పాతదై యుండవచ్చును. రబ్బరులో మసిని కలిపినచో టైరు ఎక్కువకాలము మన్నునని తెలిసి, 1910 తరువాతనే నల్ల టైర్లు వ్యాపించినవి. 1923 తరువాత తక్కువ గాలితో ఉబ్బి ఉండు బెలూను టైర్లు వచ్చినవి. సన్నని టైరుకు, లావైన టైరుకు గల భేదము చిన్న బొమ్మలో కూడ తెలియును.

ఐదవది తలుపు. 1900 ప్రాంతపు కొన్ని కార్లలో వెనుక సీటులోనికి వెనుకనుండియే ఎక్కెడివారు. తరువాత ప్రక్కన తలుపులు వచ్చినవి, కాని వెనుక సీటుకే. డ్రైవరు ప్రక్కన తలుపులు 1910 ప్రాంతమున సాధారణమైనవి. అన్నివైపుల మూసిన కార్లు ఎక్కువైనది 1920 దశాబ్ది చివరనే.

ఒక హెచ్చరిక. ఇంజనును చేతితో త్రిప్పు హ్యాండిలు కనిపించినంత మాత్రమున కారు మిక్కిలి పాతదని తలపరాదు. కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టరు 1912 నాటికే వచ్చినది. అయినను హ్యాండిలు మాత్రము ఆ తరువాత అనేక దశాబ్దములు కార్లకు ఉండుచునే వచ్చినది.

స్కేలుతో కొలుచుట

ముఖము కనిపించని చిత్రములలో లెక్క సహాయపడును. ముందు చక్రపు ఇరుసు నుండి వెనుక చక్రపు ఇరుసు వరకు గల దూరమును చక్రపు అడ్డుకొలతతో భాగించవలెను. చిత్రము పెద్దదైనను చిన్నదైనను ఈ భాగఫలము మారదు. మోడల్-టి ఫోర్డులో ఇరుసుల మధ్య దూరము 100 అంగుళములు, టైరు వ్యాసము 30 అంగుళములు. భాగఫలము 3.33. చిత్రములో ఇరుసుల దూరము 60 మిల్లీమీటర్లు, చక్రము 18 మిల్లీమీటర్లు ఉన్నచో 3.33 వచ్చును, అనగా ఫోర్డు కావచ్చును. 1922లో వెలువడిన చిన్న కారు ఆస్టిన్ సెవెనుకు ఈ కొలతలు 75, 26 అంగుళములు. భాగఫలము 2.88. పొడవైన సిల్వర్ గోస్టుకు ఇరుసుల దూరము 143.5 అంగుళములు, చక్రము సుమారు 35 అంగుళములు గనుక ఫలము 4 దాటును.

కారు కొంచెము ఏటవాలుగా నిలిచినచో ఇరుసుల దూరము కుదించినట్లు కనిపించును. చక్రము కూడ అడ్డముగా అదేవిధముగ కుదించి, కోడిగ్రుడ్డు ఆకారములో కనిపించును. కాబట్టి చక్రపు ఎత్తును గాక అడ్డుకొలతను తీసికొని, రెండు చక్రముల సగటుతో భాగించినచో పొరపాటు తగ్గును. ఇంతచేసినను ఒకే భాగఫలము గల కార్లు అనేకముండవచ్చును. ఈ లెక్క కొన్ని పేర్లను కొట్టివేయుటకే ఎక్కువ ఉపయోగించును.

కెమెరా చేయు మోసములు

స్టీరింగు చక్రము ఏ ప్రక్కనున్నదో చూచి దేశమును నిర్ణయించుట వాడుక. అమెరికాలో చేసిన మోడల్-టికి 1908 నుండి స్టీరింగు ఎడమవైపున ఉన్నది. మన దేశమునకు వచ్చిన ఫోర్డులలో చాలవరకు కెనడాలో చేసినవి. వాటికి కుడివైపున ఉండెడిది. ఇక్కడ ఒక చిక్కు కలదు. నెగటివును తిరుగవేసి అచ్చుతీసినచో కుడి ఎడమలు తారుమారగును. కావున ముందుగా నంబరు పలక మీది అక్షరములు, దుకాణపు బోర్డులు, చొక్కా బొత్తాములు సరియైన ప్రక్కన ఉన్నవో లేవో చూడవలెను.

రంగు విషయములో కూడ జాగ్రత్త అవసరము. తొలి ప్లేట్లు నీలపు కాంతికే స్పందించెడివి. ఆకాశము తెల్లగా, పసుపు, ఎరుపు రంగులు నల్లగా పడెడివి. 1873లో హెర్మన్ ఫోగెల్ ప్లేటులో కొన్ని రంగులు కలిపి పచ్చని కాంతిని కూడ గ్రహింపజేయుటకు మార్గము కనిపెట్టెను. ఎరుపును సైతము గ్రహించు ప్లేట్లు 1906 నుండి అమ్మకమునకు వచ్చినవి. మహబూబ్ అలీఖాన్ కోరగా తయారై, ఆయన 1911లో మరణించిన పిమ్మట ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలములో వచ్చిన సిల్వర్ గోస్టు హైదరాబాదు చౌమహల్లా భవనములో ఉన్నది. దాని తొట్టిని లండనులోని బార్కరు కంపెనీ కట్టినది. దాని రంగు పసుపు. పాత ప్లేటు మీద ఆ కారే నల్లగా పడగలదు. “ఇది నల్ల కారు, కాబట్టి వేరొకటి” అని వాదించుట తప్పగును.

వేగముగా పోవు కారు చిత్రములో మరియొక వింత కనిపించును. కొన్ని కెమెరాలలో సన్నని సందు ఒకటి ప్లేటు ముందు క్రమముగా జారుచు, చిత్రమును భాగము తరువాత భాగముగా పడనిచ్చును. ఆ కొద్ది కాలములో కారు ముందుకు జరుగును గనుక చక్రములు ముందుకు వాలిన గ్రుడ్డువలె కనిపించును. ఫ్రాన్సు దేశీయుడు లార్తీగ్ తీసిన పందెపు కారు చిత్రము ఇందుకు ప్రపంచప్రసిద్ధమైన ఉదాహరణము. అది 1912 నాటి పందెములో డెలాజ్ కారని చాలకాలము పుస్తకములలో అచ్చయినది. తరువాత కారు ఆకారమును, దానిపై నున్న 6వ నంబరును పందెపు పట్టికలతో పోల్చి, అది 1913 నాటి పందెములోని ష్నైడరు కారని పరిశోధకులు తేల్చిరి. చిత్రము తీసినవాడే ఇచ్చిన సంవత్సరము కూడ తప్పిపోగలదని దీనివలన తెలియును.

కారును చుట్టునున్న లోకముతో పోల్చుట

పాతకాలమున ఇంజను, చక్రములు గల చట్రమును ఒక కంపెనీ నుండి కొని, పై తొట్టిని వేరొక కంపెనీచే కట్టించుకొనెడివారు. మద్రాసు సింప్సన్ వంటి కంపెనీలు అట్టి తొట్లను కట్టినవి. పాత చట్రముపై కొత్త తొట్టి, కొత్త చట్రముపై పాత దీపములు ఉండుట అసాధారణము కాదు. అందుచే ఒక్క గుర్తును నమ్మక, అన్నిటిలో చివర వచ్చిన గుర్తు ఏదో చూడవలెను. చిత్రము దానికంటె ముందుది కాజాలదు.

గాంధీజీ ఆంధ్ర పర్యటనలను చూడుడు. ఆయన 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడ కాంగ్రెసు సమావేశమునకు వచ్చిరి. 1929 ఏప్రిల్, మే నెలలలో ఖద్దరు నిధికై ఆంధ్రమంతట తిరిగిరి. 1933 డిసెంబరులో హరిజన యాత్రకు వచ్చిరి. సంవత్సరము వ్రాయని చిత్రములో ఆయన ఎక్కిన కారుకు లావైన బెలూను టైర్లు ఉన్నచో అది 1921 నాటిది కాదు. ఆయన కొల్లాయి కట్టి ఉన్నను అంతే, ఏలనన ఆ వేషమును 1921 సెప్టెంబరులో మధురలో స్వీకరించిరి. టైరు, వస్త్రము ఒకే మాట చెప్పినప్పుడు నిర్ణయమునకు బలము చేకూరును. ఇక 1929, 1933 సంవత్సరములను విడదీయుటకు కారు ఒక్కటే చాలదు. అప్పుడు ప్రక్కనున్న కార్యకర్తలు, స్థలము, ఆనాటి పత్రికలు చూడవలసి వచ్చును.

కొయ్యూరు, 1924: ఒక పరీక్ష

ఇప్పుడు ఒక చిత్రము వెనుక “కొయ్యూరు, 1924” అని వ్రాసి ఉన్నదనియు, అందులో పోలీసుల ప్రక్కన ఒక కారు నిలిచి ఉన్నదనియు అనుకొనుడు. కొలువగా భాగఫలము 3.33 వచ్చినది. రేడియేటరు నల్లగా ఉన్నది, దీపములు విద్యుత్తువి, చక్రములకు కొయ్య ఆకులు, టైర్లు సన్ననివి. ఇది మోడల్-టి ఫోర్డు. దీని ఇత్తడి రేడియేటరు పోయి నల్లనిది వచ్చినది 1917 మోడలుతో, అనగా 1916 ఆగస్టు నుండి. ఆ మోడలు తయారీ 1927లో ముగిసినది. కావున చిత్రము 1916 చివరకు ముందుది కాదు. 1924 నాటిది కావచ్చును. 1934 నాటిదియు కావచ్చును. కారు ఆ వ్రాతను ఖండించలేదు, రుజువు చేయనూ లేదు. దానికి బదులు జీపు కనిపించినచో, జీపు 1941లో వచ్చినది గనుక వ్రాత తప్పని వెంటనే తేలిపోవును.

తరువాత కారు క్రిందనున్న దారిని చూడవలెను. ఆనాటి కారు ఎక్కడికైన రావలెనన్నచో రోడ్డు ఉండవలెను. మన్యములో రోడ్డు సామాన్య విషయము కాదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాములో నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించుటకు మన్యపు ప్రజలను చాలీచాలని కూలికి బలవంతముగా పనిచేయించిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో ఆరంభమైన తిరుగుబాటుకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. కనుక ఘాటు రోడ్డు మీద నిలిచిన కారు చిత్రము కారు యజమాని వైభవమును మాత్రమే చూపునది కాదు. ఆ రోడ్డును కొట్టిన చేతులు ఆ చిత్రములో కనిపించవు, కాని వాటి పని కనిపించును. అది ఏ రోడ్డు, ఏ యేట బండ్లు నడచుటకు తగినదైనది అను సంగతులు పాత పటములలోను, ప్రభుత్వ రికార్డులలోను వెదకి, కారు చూపిన సంవత్సరముతో పోల్చవలెను.

ఇంకొకటి. 1974లో సీతారామరాజు జీవితము చలనచిత్రముగా వచ్చినది. ఇట్టి చిత్రముల కొరకు పాత బండ్లను, పాత యూనిఫారములను సమకూర్తురు. అందలి స్టిల్సు నలుపు తెలుపులో అచ్చయి, పేరులేక చేతులు మారినచో, కొన్నాళ్ళకు అసలు ఛాయాచిత్రములుగా చెలామణి కాగలవు. కాగితము, మూల నెగటివు, అట్ట వెనుక స్టూడియో ముద్ర చూడక, కారు పాతది గనుక చిత్రము పాతదని నిశ్చయించుట ప్రమాదకరము. ప్రాణములిచ్చిన వారి పేరిట తప్పు చిత్రము నిలుచుట వారి చరిత్రకే లోపము.

ఇంటింట చేయదగిన పని

పాత చిత్రములు దొరకిన వారు చేయవలసిన పని కొంచెమే. చిత్రము ముఖము మీద ఏమియు వ్రాయరాదు. వెనుకనున్న పాత వ్రాతను చెరుపరాదు. అది తప్పని తోచినను అట్లే ఉంచి, కొత్త అభిప్రాయమును వేరు కాగితము మీద వ్రాసి, ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారముతో వ్రాసినదియు పేర్కొనవలెను. అంచులు కత్తిరించరాదు, ఏలనన నంబరు పలకయో, దుకాణపు బోర్డో తరచు అంచులలోనే ఉండును. నంబరు చదువ వీలైనచో దానిని ఉన్నదున్నట్లు వ్రాసి ఉంచవలెను. 1914, 1939, 1988 సంవత్సరముల మోటారు వాహన చట్టముల క్రింద నమోదు పద్ధతులు మారినవి గనుక, ఆ నంబరు తరువాతి వారికి దారి చూపగలదు. ఇంటిలోని పెద్దలు జీవించి ఉన్నప్పుడే ఆ కారు ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎవరికి అమ్మినారు అని అడిగి తెలిసికొనవలెను.

ఫలితము వ్రాయునపుడు కూడ “1924” అని ఒక్క అంకె వేయుట కంటె, “1916 చివరకు ముందుది కాదు, 1924 కావచ్చును” అని వ్రాయుట మేలు. మొదటి వ్రాత పరిశోధనను ముగించును. రెండవది తరువాతి పరిశోధకుడు ఎక్కడినుండి మొదలు పెట్టవలెనో చూపును. రేపు మరియొక పెట్టెలో మరియొక చిత్రము దొరకి, అదే కారు, అదే రోడ్డు మరికొంత స్పష్టముగా కనిపించినచో, ఆ మిగిలిన సందేహము అప్పుడు తీరగలదు.